ఆరో నంబర్ లైన్, ఐదు స్టేషన్లు: సియోల్‌లో యోంగ్‌సాన్‌ని నడిచి చూడటం ఎలా

సియోల్ వచ్చిన మనవాళ్లలో చాలామంది శనివారం రాత్రి ఇతెవాన్‌లో దిగి, బిర్యానీ తిని, లైట్ల వీధిలో నాలుగు ఫొటోలు దిగి, యోంగ్‌సాన్ అయిపోయింది అనుకుని వెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. సియోల్‌లో మొత్తం 25 గు-లు ఉన్నాయి, గు అంటే మన కార్పొరేషన్‌లో సర్కిల్ లాంటిది అనుకోండి, వాటి నడిమధ్యన ఉత్తరాన నమ్‌సాన్ కొండనీ దక్షిణాన హాన్ నదినీ పెట్టుకుని కూర్చున్నదే యోంగ్‌సాన్ గు. పేరుకి అర్థం డ్రాగన్ కొండ. పరాయి సైన్యాలు నూరేళ్లకు పైగా మకాం వేసింది ఇక్కడే. ఉత్తరం నుంచి ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చినవాళ్లు చెక్కలు కొట్టుకుని తలదాచుకున్నదీ, కొరియా ముస్లింలు మొదటి మసీదు కట్టుకున్నదీ ఇక్కడే. ఎవరు ఏ వాలు మీదకి ఎందుకు చేరారో అర్థం కావాలంటే పగలు రావాలి, నడవాలి.

పద్ధతి తేలిక. మెట్రోలో ఆరో నంబర్ లైన్ ఉంది, మ్యాప్‌లో గోధుమ రంగు గీత. దాని మీద హ్యోచాంగ్ పార్క్, సమ్‌గాక్‌జీ, నోక్సాప్యోంగ్, ఇతెవాన్, హంగాంగ్‌జిన్ అని వరసగా ఐదు స్టేషన్లు వస్తాయి, ఐదూ యోంగ్‌సాన్‌లోవే. ఆ వరసనే పట్టుకుని రెండు రోజుల్లో చూసేయొచ్చు. ఇంచోన్ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వస్తుంటే ఎక్స్‌ప్రెస్ కాకుండా అన్ని స్టేషన్లలో ఆగే రైలు ఎక్కి గోంగ్‌దోక్‌లో దిగండి, అక్కడే ఆరో లైన్‌లోకి మారొచ్చు. ఎక్స్‌ప్రెస్ గోంగ్‌దోక్‌లో ఆగదు, సియోల్ స్టేషన్ దాకా తీసుకుపోతుంది.

బయల్దేరే ముందు కొన్ని పనులు చేసుకోండి. ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా తప్పనిసరి, అది ముందే తెచ్చుకోవాలి. ఫోన్‌లో నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ వేసుకోండి, ఎందుకంటే మనం అలవాటుగా వాడే గూగుల్ మ్యాప్ కొరియాలో నడక దారి సరిగా చూపించదు, ఈ కొండ సందుల్లో అయితే మరీను. అనువాదానికి పపాగో. ప్రయాణానికి టీ-మనీ కార్డు ఏ కన్వీనియన్స్ స్టోర్‌లో అయినా దొరుకుతుంది, రీఛార్జికి మాత్రం కొంచెం నోట్లు జేబులో ఉంచుకోండి. దిగేటప్పుడు కూడా కార్డు తాకించడం మర్చిపోకండి, బస్సులో అయినా సరే, లేకపోతే మారి ఎక్కే బస్సుకి రావాల్సిన తగ్గింపు రాదు. బూట్లు మంచివి వేసుకోండి. ఇది మొత్తం ఎత్తుపల్లాల ప్రాంతం, జనవరిలో సందుల్లో మంచు గడ్డకట్టి జారుతుంది, జూన్ చివరి నుంచి జూలై అంతా ముసురు. నన్నడిగితే ఏప్రిల్ లేదా అక్టోబర్.

ఏ రోజు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. సోమవారం వద్దు. యుద్ధ స్మారకం, ప్రజాస్వామ్య స్మారకం, లీయుమ్ మ్యూజియం మూడూ సోమవారం మూసేస్తారు. నేషనల్ మ్యూజియం ఒక్కటే సోమవారం కూడా తెరుస్తారు, కాబట్టి మీకు సోమవారమే కుదిరితే దాన్ని ఆ రోజుకి పెట్టుకోండి.

మొదటి రోజు: హ్యోచాంగ్ నుంచి సమ్‌గాక్‌జీ

పొద్దున్నే హ్యోచాంగ్ పార్క్ స్టేషన్‌లో దిగి ఒక పది నిమిషాలు పైకి నడిస్తే పార్కు వస్తుంది. ఒకప్పుడు రాజవంశం వాళ్ల సమాధులు ఉండేవి, జపాన్ పాలనలో వాటిని ఇక్కడి నుంచి తరలించేశారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1946లో, కిమ్ గూ అనే నాయకుడు జపాన్‌లో ఉరితీతకీ జైలు మరణానికీ గురైన ముగ్గురు వీరుల అస్థికలు తెప్పించి ఇక్కడ సమాధి చేయించాడు. 1949లో ఆయన్నే కాల్చి చంపారు, ఆయన సమాధి కూడా ఇదే పార్కులో ఉంది. ఆ ముగ్గురి వరసలో నాలుగో దిబ్బ ఒకటి కనిపిస్తుంది, గడ్డి అంతే పచ్చగా, అంతే శుభ్రంగా కత్తిరించి ఉంటుంది, కానీ లోపల ఏమీ లేదు. అది ఆన్ జుంగ్-గున్‌ది. 1909లో హార్బిన్ స్టేషన్‌లో జపాన్ మాజీ ప్రధాని ఇతో హిరోబూమిని కాల్చిన ఆయన్ని మరుసటి ఏడాది మార్చిలో లూషున్ జైల్లో ఉరితీశారు, మృతదేహం ఎక్కడ పూడ్చారో ఈ రోజుకీ దొరకలేదు. దొరికిన రోజున తెచ్చి పెడదామని చోటు అట్టేపెట్టారు. పొద్దుటిపూట అక్కడ చుట్టుపక్కల పెద్దవాళ్లు వ్యాయామం చేసుకుంటూ ఉంటారు, వాళ్లలో ఒకాయన ఆ ఖాళీ సమాధి ముందు ఆగి, టోపీ తీసి, తలవంచి మళ్లీ నడక మొదలుపెట్టడం చూశాను. మీరూ అక్కడ కాసేపు నిలబడండి, మిగతా యోంగ్‌సాన్ చూసే కళ్లు అక్కడే వస్తాయి.

అక్కడి నుంచి సూక్‌మ్యోంగ్ మహిళా విశ్వవిద్యాలయం వీధి గుండా కిందికి దిగితే నమ్‌యోంగ్ స్టేషన్ దగ్గరకి వస్తారు. దారిలో విద్యార్థినుల కోసం ఉన్న చిన్న చిన్న హోటళ్లలో టిఫిన్ చవగ్గా అయిపోతుంది. రైలు పట్టాల పక్కనే నల్ల ఇటుకల భవనం ఒకటి ఉంటుంది. 1976లో కట్టారు, కొరియా ప్రముఖ ఆర్కిటెక్ట్ కిమ్ సూ-గున్ గీసిన ప్లాన్. బయట నుంచి చూస్తే ఐదో అంతస్తులో మాత్రం కిటికీలు సన్నటి నిలువు చీలికల్లా ఉంటాయి, తల పట్టదు. ఎందుకంటే అది పోలీసుల ఇంటరాగేషన్ అంతస్తు. పట్టుకొచ్చినవాళ్లని కళ్లకు గంతలు కట్టి వెనక గుమ్మం నుంచి ఒక మెలికల ఇనుప మెట్ల మీద నేరుగా ఐదో అంతస్తుకి ఎక్కించేవారు, గుండ్రంగా తిరగడంతో ఏ అంతస్తుకి వచ్చారో కూడా తెలిసేది కాదు. 1987 జనవరి 14న 509వ గదిలో పార్క్ జోంగ్-చోల్ అనే విశ్వవిద్యాలయ విద్యార్థి నీటి చిత్రహింసలో చనిపోయాడు. బల్ల మీద టక్ మని కొడితే ఉక్ అని పడిపోయాడు అని పోలీసులు చెప్పుకొచ్చారు, ఎవరూ నమ్మలేదు, ఆ కోపమే ఆ జూన్‌లో లక్షల మందిని వీధుల్లోకి తెచ్చి అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు సాధించింది. ఇప్పుడది ప్రజాస్వామ్య ఉద్యమ స్మారక భవనం, 2025 జూన్‌లో తెరిచారు. పిల్లలతో వెళ్తే ఐదో అంతస్తు గురించి ముందే చెప్పి తీసుకెళ్లండి.

మధ్యాహ్నానికి సమ్‌గాక్‌జీ. నమ్‌యోంగ్ నుంచి నడవొచ్చు, లేదా దగ్గర్లోని సూక్‌మ్యోంగ్ మహిళా విశ్వవిద్యాలయం స్టేషన్ నుంచి నాలుగో లైన్‌లో ఒక్క స్టేషన్. ఇక్కడ కాడ్ చేపతో చేసే ఎర్రటి పులుసు, తెగూతాంగ్ అంటారు, దానికి పేరున్న ఒక సందు ఉంది, చేప తినేవాళ్లైతే వదలకండి, మన చేపల పులుసు చింతపండు పులుపు ఆశించకండి, ఇది వెల్లుల్లి, ముల్లంగి, కారం రుచి.

తిన్నాక యుద్ధ స్మారకానికి వెళ్లండి, 12వ ఎగ్జిట్ నుంచి నాలుగు అడుగులు. ప్రవేశం ఉచితం. మొత్తం చూడాలంటే ఒక పూట చాలదు, కాబట్టి బయట ఉన్న విమానాలూ ట్యాంకులూ ఆఖరికి పెట్టుకుని ముందు మూడు చోట్లకి వెళ్లండి. ఒకటి, అన్నదమ్ముల విగ్రహం. పగిలిన గోళం లాంటి దిమ్మ మీద దక్షిణ కొరియా అధికారి అయిన అన్న, ఉత్తర కొరియా సైనికుడైన తమ్ముణ్ణి యుద్ధభూమిలో కావలించుకున్నట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూడండి, అన్న వీపున తుపాకీ ఉంటుంది, తమ్ముడి చేతుల్లో ఏమీ ఉండదు. రెండు, లోపలికి వెళ్లే వరండాల్లో నల్లరాతి పలకల మీద చెక్కిన పేర్లు, చనిపోయిన కొరియన్లవీ, వాళ్ల కోసం వచ్చి చనిపోయిన ఇతర దేశాల వాళ్లవీ. మూడోది మనకి సంబంధించింది. కొరియా యుద్ధంలో ఇండియా పోరాడే సైన్యాన్ని పంపలేదు, డాక్టర్లని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాషూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 నవంబర్‌లో ఇక్కడికి వచ్చింది. ఐక్యరాజ్యసమితి దళాల విభాగంలో వైద్య సాయం చేసిన దేశాల వరసలో మన జెండా ఉంటుంది. ఎర్ర టోపీల మన డాక్టర్ల గురించి కొరియా వాళ్లు గుర్తుపెట్టుకున్నంత మనం పెట్టుకోలేదు, అది నిజంగా విచారించాల్సిన విషయం.

స్మారకం నుంచి బయటికొచ్చి ఇతెవాన్ వైపు చూస్తే రోడ్డుకి అటూ ఇటూ పొడుగాటి గోడ, పైన ముళ్లతీగ. మ్యాప్‌లో చూస్తే నగరం మధ్యలో పెద్ద ఖాళీ లాగా ఉంటుంది, ఈ రోడ్డు తప్ప దాన్ని దాటి అవతలికి వెళ్లే దారి కనిపించదు, చుట్టూ తిరగాలి. రష్యాతో యుద్ధం వచ్చిన 1904 నాటికి జపాన్ సైన్యం ఈ భూమి తీసుకుంది, 1945లో వాళ్లు పోయాక అమెరికా సైన్యం వచ్చింది, వాళ్ల ప్రధాన కార్యాలయం 2018లో ప్యోంగ్‌తెక్‌కి మారింది. ఇతెవాన్‌లో బార్లూ, టైలర్ షాపులూ, పెద్ద సైజు బట్టల కొట్లూ ఎందుకున్నాయంటే ఈ గోడే కారణం, లోపలున్న సైనికుల కోసం పుట్టిన బజారు అది. కొంత భూమిని 2023లో పిల్లల తోటగా తెరిచారు, మిగతాది మెల్లగా పార్కు చేస్తామంటున్నారు. తోటకి వెళ్లాలనుకుంటే ఆ రోజు తెరిచి ఉందో లేదో ముందు చూసుకోండి.

రెండో రోజు: కొండ మీద నుంచి కిందికి

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను: పైనుంచి మొదలుపెట్టండి. మొదటిసారి నేను నోక్సాప్యోంగ్ నుంచి హెబాంగ్‌చోన్‌కి ఆగస్టు ఎండలో నడిచి ఎక్కాను, పైకి చేరేసరికి చూసే ఓపిక మిగల్లేదు. ఆకుపచ్చ రంగు చిన్న బస్సులు, మావుల్ బస్సు అంటారు, సందుల్లోంచి పైదాకా వెళ్తాయి, నేవర్ మ్యాప్‌లో హెబాంగ్‌చోన్ అని కొడితే ఏది ఎక్కాలో చెప్తుంది. ఇంకా ఓపికుంటే ముందు నమ్‌సాన్ బస్సులో టవర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి హెబాంగ్‌చోన్‌కి దిగొచ్చు. ఊరంతా ఎక్కడి నుంచి చూసినా కనిపించే ఆ ఎన్ సియోల్ టవర్ కూడా చిరునామా ప్రకారం యోంగ్‌సాన్‌దే.

హెబాంగ్ అంటే విమోచన, చోన్ అంటే పల్లె. 1945లో జపాన్ పాలన పోయాక విదేశాల నుంచి తిరిగొచ్చినవాళ్లు, ఉత్తరం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఈ వాలు మీద చెక్క ఇళ్లు వేసుకున్నారు. తర్వాత ఇంటింటా స్వెటర్లు అల్లే పని నడిచింది. ఆ పని తగ్గాక తక్కువ అద్దె కోసం విదేశీయులు, వాళ్ల వెనక కళాకారులు, కాఫీ షాపుల వాళ్లు వచ్చారు. షిన్‌హుంగ్ మార్కెట్‌లోకి వెళ్తే పాత రెండంతస్తుల ఇళ్ల మధ్యలో పైకప్పు పారదర్శకంగా వేసి ఉంటుంది, ఒక గుమ్మంలో కాఫీ గింజలు వేయించే వాసన, పక్క గుమ్మంలో ఉల్లికాడలు వలుస్తూ కూర్చున్న పెద్దావిడ. సెప్టెంబర్‌లో వెళ్తే మేడల మీద, మెట్ల పక్కన చాపలేసి ఎండుమిర్చి ఆరబోసి ఉంటుంది, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లకి ఆ ఘాటు చాలు కాసేపు మాట రాకపోవడానికి. ఇళ్ల ముందు ఫొటోలు తీసేటప్పుడు మాత్రం అడిగి తీయండి, అవి మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లు.

అక్కడికి దగ్గర్లోనే 108 మెట్లు ఉన్నాయి. 1943లో జపాన్ వాళ్లు తమ యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం కట్టిన షింటో (జపాన్ వాళ్ల సంప్రదాయ మతం) మందిరానికి దారి అది. మందిరం లేదు, మెట్లు మిగిలాయి. ఊళ్లో పెద్దవాళ్ల మోకాళ్ల కోసం 2018లో ఆ మెట్ల మధ్యలోనే ఏటవాలుగా కదిలే లిఫ్టు పెట్టారు, ఎవరైనా ఎక్కొచ్చు.

దిగుతూ నోక్సాప్యోంగ్ దాటి ఇతెవాన్ చేరేసరికి భోజనం వేళవుతుంది. ఒకటో ఎగ్జిట్ దగ్గర, హామిల్టన్ హోటల్ పక్కన ఒక సన్నటి వాలు సందు ఉంది. 2022 అక్టోబర్ 29 రాత్రి తొక్కిసలాట జరిగింది ఈ సందులోనే, దానివల్ల 159 మంది ప్రాణాలు పోయాయి, చాలామంది ఇరవైల్లో ఉన్న పిల్లలు, విదేశాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇరుకైన చోట మూడు మీటర్లకు కాస్త ఎక్కువ వెడల్పు, అంతే. ఇప్పుడు దాన్ని జ్ఞాపకం, భద్రత పేరుతో స్మారక దారి చేశారు. అక్కడ సెల్ఫీలు వద్దు, గొంతు తగ్గించి నడవండి. పండగ రాత్రుల్లో ఈ వైపు రావాలనుకుంటే గుంపు చిక్కబడుతోందని అనిపించిన వెంటనే పెద్ద రోడ్డు మీదకి వచ్చేయండి, ఇంకాసేపు చూద్దాం అనుకోవద్దు.

రోడ్డు దాటి మూడో ఎగ్జిట్ వైపు వెళ్లి, ఉసాదాన్ వీధి ఎక్కండి. పైన సియోల్ సెంట్రల్ మసీదు, 1976లో తెరిచారు, స్థలం కొరియా ప్రభుత్వం ఇచ్చింది, కట్టడానికి డబ్బు సౌదీ లాంటి దేశాల నుంచి వచ్చింది. కొరియా కంపెనీలు, కూలీలు గల్ఫ్‌కి వెళ్లి కట్టడాలు కడుతున్న రోజులవి. గల్ఫ్‌కి వలసపోయిన ఇళ్లు ఊరూరా ఉన్న కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్లకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. ఆవరణలోకి ఎవరైనా వెళ్లొచ్చు, భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లండి, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ వదిలేయండి.

ఆ వీధిలోనే కిరాణా కొట్లు. తలుపు తీయగానే జీలకర్ర, ఇంగువ, అగరుబత్తి వాసన కలిసి కొడుతుంది. కందిపప్పు, చింతపండు, పసుపు, బాస్మతి, ఫ్రీజర్లో పరోటాలు, హలాల్ మాంసం, అన్నీ దొరుకుతాయి. సువోన్, దేజోన్ నుంచి వచ్చేవాళ్లైతే ఒక చక్రాల బ్యాగు తెచ్చుకోండి, దిగేటప్పుడు వాలు కాబట్టి చేత్తో మోయడం కష్టం. కొట్టు యజమానులు బంగ్లాదేశ్, పాకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ ఎక్కడివాళ్లైనా కావచ్చు, కొంచెం హిందీ చాలాచోట్ల నడుస్తుంది. అదే కొండకి ఇంకో పక్క నైజీరియా వాళ్ల హోటళ్లు, సెలూన్లు, మసీదుకి నాలుగు నిమిషాల దూరంలో గే, ట్రాన్స్ జనం కొన్ని దశాబ్దాలుగా నడుపుకుంటున్న బార్ల సందు, అటు దిగితే వియత్నాం నగరం క్వి న్యోన్ పేరు పెట్టిన వీధి. ఒకరి పక్కన ఒకరు ఇంత దగ్గరగా బతుకుతున్న చోటు సియోల్‌లో ఇంకెక్కడా నేను చూడలేదు. తొందరగా వెళ్లి చూడండి, పక్కనే బోగ్వాంగ్‌దోంగ్, హన్నమ్‌దోంగ్ వైపు పాత ఇళ్లు ఖాళీ చేయించి అపార్ట్‌మెంట్ల కోసం కూల్చేస్తున్నారు, అద్దెకున్నవాళ్లు చాలామంది ఇప్పటికే వేరే చోటికి పోయారు.

శాకాహారులకి ఒక ముఖ్యమైన మాట. మాంసం వద్దు అంటే సరిపోదు. ఒకసారి ఒక హోటల్లో అలాగే చెప్పాను, ఆవిడ ఎంతో ప్రేమగా మాంసం తీసేసి ఎండు నెత్తళ్ల నీళ్లతో కాచిన సూప్ తెచ్చింది, వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. కిమ్చీలోనూ ఎక్కువగా ఉప్పు రొయ్యలో, చేప సాసో ఉంటుంది. అందుకని మాంసం, చేప, రొయ్య, వాటి నీళ్లు ఏవీ వద్దని ఒక్కొక్కటీ విడమరిచి పపాగోలో కొరియన్‌లోకి మార్చి, స్క్రీన్‌షాట్ దాచుకుని చూపించండి. నోటితో అయితే "కోగి ప్పె జుసెయో" అంటే మాంసం తీసేయండి అని. ఇతెవాన్‌లో ఇండియన్ హోటళ్లు ఉన్నాయి కాబట్టి ఆకలితో ఉండరు.

ఆఖరి స్టేషన్ హంగాంగ్‌జిన్. ఒకటో ఎగ్జిట్ నుంచి లీయుమ్ మ్యూజియం, 2004లో తెరిచింది, మారియో బోట్టా, జాన్ నువెల్, రెమ్ కూల్‌హాస్ అనే ముగ్గురు ఆర్కిటెక్టులూ తలా ఒక భవనం గీశారు. గోర్యో అనే పాత కొరియా రాజ్యం కాలం నాటి లేత ఆకుపచ్చ పింగాణీ కోసమే వెళ్లండి, టికెట్, బుకింగ్ సంగతి వాళ్ల సైటులో చూసుకోండి. మన ఎంబసీ కూడా ఈ వైపే, హన్నమ్‌దోంగ్‌లో దోక్సోదాంగ్ రోడ్డు మీద ఉంది. పాస్‌పోర్టు పనుంటే పొద్దున అది ముగించుకుని ఆ రోజే కొండ చూసేయొచ్చు. స్టేషన్ నుంచి కాస్త దూరం, బస్సో టాక్సీయో పట్టుకోండి.

నేషనల్ మ్యూజియాన్ని ఈ రెండు రోజుల్లో ఏదో ఒక సాయంత్రానికి పెట్టుకోండి, బుధ, శనివారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది, శాశ్వత ప్రదర్శన ఉచితం. సమ్‌గాక్‌జీ నుంచి నాలుగో లైన్‌లో రెండో స్టేషన్ ఇచోన్, రెండో ఎగ్జిట్. 2005లో యోంగ్‌సాన్‌కి మారింది. లోపల నడవ చివర గ్యోంగ్‌చోన్‌సా పగోడా, 1348 నాటిది, పది అంతస్తుల పాలరాయి, పదమూడున్నర మీటర్లు. 1907లో ఒక జపాన్ మంత్రి దీన్ని ముక్కలుగా విప్పించి పట్టుకుపోయాడు, హల్‌బర్ట్, బెథెల్ అనే ఇద్దరు పాశ్చాత్యులు పత్రికల్లో రాసి రచ్చ చేశాక 1918లో వెనక్కి వచ్చింది. కిందినుంచి కాకుండా మూడో అంతస్తు కటకటాల దగ్గర నుంచి చూడండి, పై అంతస్తుల్లో వేళ్లంత బుద్ధ విగ్రహాలు కనిపిస్తాయి. 2023 డిసెంబర్ నుంచి 2024 ఏప్రిల్ దాకా ఇదే మ్యూజియంలో దక్షిణ భారత స్తూపాల శిల్పాలు పెట్టారు, మన కృష్ణా తీరం రాళ్లు ఇక్కడికొచ్చాయి. రెండో అంతస్తులో ధ్యానంలో ఉన్న బోధిసత్వులు ఇద్దరి కోసం ఒక గది మొత్తం చీకటిగా, మట్టిగోడలతో కట్టారు. అరగంట అక్కడికే ఉంచుకోండి, రాత్రి ఏడున్నర దాటితే జనం పలచబడతారు.

బయటికొచ్చి పెద్ద మెట్ల దగ్గర నిలబడితే రెండు భవనాల మధ్య నుంచి నమ్‌సాన్ టవర్ కనిపిస్తుంది. ఇచోన్ నుంచి సమ్‌గాక్‌జీ, అక్కడ ఆరో లైన్‌లోకి మారి గోంగ్‌దోక్, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు రైలు. ఆఖరి రైలు ఎన్నింటికో పొద్దున్నే చూసి పెట్టుకోండి.